దుల్హన్ కుర్చీ రంగు

"రెండు థాన్లు కలిపి ఇచ్చినవ్ సేఠ్. పెండ్లోళ్ల ముంగట నా ఇజ్జత్ తీసినవ్."

పత్తర్‌గట్టిలో రాత్రి తొమ్మిది దాటింది. 1908 మూసీ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల కింద, బట్టల సేఠ్ గల్లా మూసే వేళ. ఎదురుగా షాలిబండ సోఫా ఉస్తాద్. చేతిలో కుర్చీ నుంచి అప్పుడే ఊడదీసిన మెరూన్ వెల్వెట్ గుడ్డ, అంచుల్లో స్టేపుల్ పిన్నులు ఇంకా వేలాడుతున్నాయి. వెనక మేనల్లుడు, మామూ స్కూటర్ తాళం పట్టుకుని.

(వీళ్ల మాటలు దక్కనీలో నడిచేవి, మన భాషలో పెడుతున్నాను. మనుషులకు పేర్లు పెట్టలేదు. సోఫా దుకాణాల్లో అక్కడా ఇక్కడా జరిగే తంతును ఒక్క రాత్రిలోకి కూర్చాను. పని సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

రంజాన్ వెళ్లి షవ్వాల్ రాగానే పాతబస్తీలో పెళ్లిళ్లు ఊపందుకుంటాయి. వేదిక మీద వేసే ఎత్తు వీపు కుర్చీలు రెండు, ఒకటి దూల్హాకు ఒకటి దుల్హన్‌కు, కొత్త గుడ్డ తొడగమని ఒక ఇంటివాళ్లు ఇచ్చారు. మర్నాడు రాత్రే వేడుక. సాయంత్రం చూసిపోదామని వచ్చిన పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం ఉస్తాద్, దుల్హన్ కుర్చీ నల్లగుందేంది?"

నిజమే. ఒకటి మెరుస్తున్న మెరూన్, పక్కది నేరేడుపండు రంగు. బల్ల మీద ట్యూబ్‌లైటు కింద పరిచి ఉన్నంతసేపూ ఎవరికీ కనపడలేదు. కుర్చీలు నిలబెట్టి గుమ్మంలోకి జరిపేసరికి బయటపడింది. ఆమె ఫోన్లో ఫొటో తీసి చూపించింది. ఫొటోలో ఇంకా ఘోరం. పెళ్లి కెమెరా లైట్ల కింద ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఉస్తాద్ అనుమానం నేరుగా బట్ట మీదికే పోయింది. ముప్పై ఏళ్ల చెయ్యి మరి. రంగు బట్టీలు వేరైన రెండు థాన్లు అంటగట్టారనుకున్నాడు. అలా జరగదని కాదు, జరుగుతుంది. అందుకే ఆ కోపంలో న్యాయం ఉన్నట్టే అనిపించింది.

సేఠ్ గొంతు పెంచలేదు. అలమరలోంచి అదే థాన్ తాలూకు మిగిలిన కొస తీసి బల్ల మీద పరిచాడు. దాని మీద ఉస్తాద్ తెచ్చిన గుడ్డ వేశాడు. నలుపు. ఆ గుడ్డనే తలకిందులు చేసి మళ్లీ వేశాడు. రెండు రంగులూ ఒక్కటయ్యాయి.

"థాన్ ఒక్కటే ఉస్తాద్. నూగు తిరిగింది."

వెల్వెట్ మీద పోగుల కొసలు నిట్టనిలువుగా నిలబడవు, ఒక పక్కకు వాలి ఉంటాయి. వాలు వెంట నిమిరితే అరచెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే గరుగ్గా అడ్డుపడుతుంది. కొసలు మనకు దూరంగా వాలితే పోగుల పక్కలు వెలుగును తిప్పికొట్టి మెరుస్తాయి. కొసలు మనవైపు తిరిగితే వెలుగు వాటి సందుల్లోకి దిగిపోయి రంగు చిక్కబడుతుంది. ఆ చిక్కదనం కోసమే కొందరు దర్జీలు వెల్వెట్‌ను నూగు పైకి పెట్టి కోస్తారు. కుర్చీకి ఆ పద్ధతి పనికిరాదు. వీపు మీద నూగు కిందికి దిగాలి, సీటు మీద వెనక నుంచి ముందుకు రావాలి. కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు ఒళ్లు రాసుకునేది అటే. ఎదురు పెడితే నూగు తొందరగా నలిగిపోతుంది.

ఇదంతా ఉస్తాద్‌కు తెలియదా? మేనల్లుడికి నేర్పిందే ఆయన. తెలిసినవాడి చేతిలోనే జరిగింది, అదే ఈ కథలో అసలు ముచ్చట.

ఆ మధ్యాహ్నం దూల్హా కుర్చీ వీపు గీసి కోశాడు. ఆ వీపు అడుగున వెడల్పు, పైన కిరీటంలా సన్నం. రెండోది గీయబోతుంటే ఫోను. పెళ్లివాళ్లే, ఎప్పటికి ఇస్తావని. మాట్లాడి, చాయ్ తాగి, నమాజుకు వెళ్లి వచ్చాడు. బల్ల మీద మొదటి వీపు కోసిన చోట వాలుగా ఖాళీ కనపడింది. ఏడాదంతా రెక్సిన్ కోసే చెయ్యి అది. రెక్సిన్‌కు నూగు లేదు కాబట్టి ఒక వీపు తల పైకి, ఒకటి తల కిందికి పెట్టి ఇరికిస్తే గుడ్డ ఆదా. చెయ్యి ఆ పనే చేసేసింది. మధ్యలో ఆలోచన అన్నది రాలేదు. గుడ్డ ఉల్టా వైపున సుద్దగీత ఒక్కటి, ఇంత బాణం గుర్తు ఉంటే, కత్తెర పట్టిన చెయ్యి అక్కడ ఆగేది.

"ఈ కొస ఎంతుంది?" అడిగాడు ఉస్తాద్. గొంతు మారింది.

"మీటరుంబావు."

అంటే 49 అంగుళాలు. వీపుకు, పైన వెనక్కి మడవడానికి, కింద సీటు సందులో దూర్చి లాగడానికి కలిపి 52 కావాలి. 54 అంగుళాల పన్నా ఉంది కదా, అడ్డంగా తిప్పి కోస్తే? మేనల్లుడు అడిగాడు. అడ్డంగా తిప్పితే నూగు పక్కకు వాలుతుంది. అప్పుడు మూడో రంగు.

దారి ఉస్తాదే చెప్పాడు. సీటు వెనక సందులోకి దిగిపోయే గుడ్డ ఎవరికీ కనపడదు. అక్కడ ఏ గుడ్డయినా ఒకటే. పాడైన వీపులోంచి నాలుగంగుళాల పట్టీ కోసి అడుగున జోడిస్తే చాలు. కుట్టు సందులోనే ఉండిపోతుంది.

దుకాణానికి వచ్చాక పిల్లవాడు కత్తెర ఇవ్వలేదు. ముందు కొత్త గుడ్డను అరచేత్తో అటూ ఇటూ నిమిరాడు. ఉల్టా వైపు తిప్పి సుద్దతో బాణం గీసి, బాణం తల దగ్గర 'కింద' అని రాశాడు. పై అంచు మధ్యలో, కింది అంచు మధ్యలో కుట్టులోకి పోయే మేర చిన్న గాట్లు పెట్టాడు, కుర్చీ చట్రం మీది మధ్యగీతకు ఆనడానికి. అప్పుడు కత్తెర అందించాడు. రాత్రి రెండింటికి కుర్చీ నిలబడింది. మర్నాడు పెద్దావిడ మళ్లీ ఫొటో తీసి, ఏమీ అనకుండా డబ్బులు లెక్కపెట్టింది.

జపాన్‌లో ఇలాంటిదే ఒకటి షిగెయో షింగో అనే ఇంజనీరు తన పుస్తకంలో రాసుకున్నాడు. సుమారు 1963లో, అరకావా అనే కార్ల బాడీ ఫ్యాక్టరీలో, సీట్లు వెల్డింగ్ చేసే చోట కుడి భాగం, ఎడమ భాగం తారుమారవుతుంటే అడ్డుకునే అమరిక పెట్టారు. మూర్ఖులు చేసినా తప్పు రాకుండా ఇది పెట్టామని పై అధికారి చెప్పగానే, ఒక కార్మికురాలు తాను అంత మూర్ఖురాలినా అని ఏడ్చి మర్నాడు పనికే రాలేదు. షింగో ఆ తర్వాత ఆ అమరికలకు పేరే మార్చేశాడు. ఏడ్చిన మనిషి పక్షమే నాది. పరధ్యానానికి తెలివితో పని లేదు.

కుడి ఎడమల గొడవ సోఫా పనిలో ఇంకా ఎక్కువ. సుద్దతో రాసేది ఉల్టా వైపు, అక్కడి నుంచి చూస్తే కుడి కాస్తా ఎడమవుతుంది. పైగా 'కుడి చేయి' అంటే కూర్చున్నవాడిదా, ఎదురుగా నిలబడ్డ పనివాడిదా? షాలిబండ దుకాణంలో ఇప్పుడు కూర్చున్నవాడిదే లెక్క. పాత గుడ్డ ఊడదీసేటప్పుడే ప్రతి ముక్క మీదా అలా రాసి, ఫోన్లో ఫొటో తీసి, అప్పుడే పక్కన పెడతారు. ఆ పాత ముక్కలే కొత్తవాటికి అచ్చులు.

తోలైతే ఈ బాధ లేదనుకోవద్దు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనబల్ల చుట్టూ కుర్చీలకు తోలే వేశారు. తోలుకూ దిక్కుంది. వెన్ను వెంట తక్కువ సాగుతుంది, పొట్ట దగ్గర ఎక్కువ. దిక్కు చూడకుండా కోస్తే కొన్నాళ్లకు సీటు గుంట పడుతుంది.

మేనల్లుడు ఇప్పుడు రెక్సిన్ మీద కూడా బాణం గీస్తున్నాడు. ఉస్తాద్‌కు ఇది వేళాకోళంగా ఉంది.

"నూగు లేనిదానికి బాణమెందుకురా?"

"రెక్సిన్ కోసీ కోసీ కదా మామూ, ఆనాడు చెయ్యి తిరిగింది."

సుద్ద డబ్బులు నీ జీతంలో కోస్తానన్నాడు ఉస్తాద్.