విమాన కాక్‌పిట్ తెరలు: హైవోల్టేజి కనెక్టర్లు, కేబుళ్లు

కాక్‌పిట్‌లోని పిక్చర్ ట్యూబు తెరకు వేల వోల్టుల విద్యుత్తును చేరవేసే తీగను, దాని కొసల్లోని కనెక్టర్లను కలిపి హైవోల్టేజి కేబుల్ అసెంబ్లీ అంటారు. ఇందులో పారే కరెంటు బహు స్వల్పం. వోల్టేజి మాత్రం సాధారణంగా 10 నుంచి 25 కిలోవోల్టుల దాకా ఉంటుంది. అందుకే లోపలి రాగి తీగ సన్నం, పైనున్న ఇన్సులేషన్ మందం. పాత టీవీ వెనక పిక్చర్ ట్యూబుకు గొడుగులా అతుక్కున్న రబ్బరు టోపీ, దానిలోకి వచ్చే లావుపాటి తీగ ఈ జాతివే. అయితే టీవీ ఇంట్లో కదలకుండా ఉంటుంది, విమానం ఆకాశానికెక్కుతుంది. ఈ సాధనాల చరిత్ర అంతా ఆ తేడాలోంచి పుట్టింది.

తొలి దశ

పిక్చర్ ట్యూబును, అంటే కేథోడ్ కిరణ నాళాన్ని (సీఆర్టీ), జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరగా అది విమానమెక్కింది.

ఎత్తు తెచ్చిన చిక్కు

వాయువు పీడనానికీ, అందులో నిప్పురవ్వ పుట్టించే వోల్టేజికీ ఉన్న సంబంధాన్ని ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లోనే నిర్ధారించాడు. నేలమీద పొడిగాలి మిల్లీమీటరుకు సుమారు 3 కిలోవోల్టులను తట్టుకుంటుంది. 12 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం ఐదో వంతుకు, 15 కిలోమీటర్ల ఎత్తున సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. తట్టుకునే శక్తీ దానితోపాటే తగ్గుతుంది. కాక్‌పిట్‌లో పీడనాన్ని నిలిపి ఉంచినా, అది హఠాత్తుగా పోయినప్పుడు సైతం తెర ఆరిపోకూడదు. ఇన్సులేషన్‌లో చిక్కుకున్న చిన్న గాలిబుడగలో కూడా కరోనా అనే మసక మెరుపు మొదలవుతుంది. దాంతో ఓజోన్ పుట్టి, చుట్టూ ఉన్న పదార్థం మెల్లగా క్షీణిస్తుంది. కాబట్టి కనెక్టర్‌లో గాలికి చోటివ్వకపోవడమే దీనికి మందు.

హెడ్-అప్ డిస్‌ప్లే కాలం

తల దించకుండానే ఎదుటి గాజుమీద అంకెలు కనిపించే హెడ్-అప్ డిస్‌ప్లేను తొలుత వాడిన విమానాల్లో బ్రిటన్ నౌకాదళపు బకనీర్ ఒకటి. అది 1958 ఏప్రిల్ 30న మొదటిసారి ఎగిరింది. ఆ రంగంలో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ కృషి గణనీయం. పట్టపగటి వెలుతురులోనూ గీతలు కనబడాలంటే ట్యూబు ఎంతో ప్రకాశవంతంగా వెలగాలి, అందుకు అధిక వోల్టేజి కావాలి. విద్యుత్ సరఫరా పెట్టెను ట్యూబుకు దూరంగా అమర్చిన చోట, మధ్యన నమ్మకమైన కేబుల్ తప్పనిసరైంది.

ఈ కనెక్టర్ నిర్మాణం చూడముచ్చటైనది. సాకెట్ సన్నని లోతైన బావిలా ఉండి, అడుగున లోహపు కొన ఉంటుంది. ప్లగ్గు కొసన ఉన్న సిలికోన్ రబ్బరు ఆ బావిలోకి బిగుతుగా దిగుతుంది. పైనున్న నట్టు తిప్పేకొద్దీ రబ్బరు నలిగి గాలిని బయటికి నెడుతుంది. బావి లోతు వల్ల కొననుంచి బయటి లోహపు తొడుగుకు ఉపరితలం వెంట ఉన్న దూరం పెరిగి, కరెంటు పాకే అవకాశం తగ్గుతుంది.

కేబుల్‌కు సిలికోన్ రబ్బరు, టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌లు వాడారు. నాన్‌స్టిక్ పెనం పూతగా మనకు తెలిసిన టెఫ్లాన్‌ను రాయ్ ప్లంకెట్ 1938లో కనుగొన్నాడు. దానికి ఏదీ అంటదు. సోడియం ద్రావణంలో ముంచి పైపొర గోధుమరంగుకు తిరిగితేనే పోతపోసిన రెసిన్ పట్టుకుంటుంది. ఈ మెట్టు సరిగా జరగకపోతే సందు మిగిలి, అక్కడే కరోనా మొదలవుతుంది.

భారతదేశంలో తేజస్ యుద్ధవిమానపు హెడ్-అప్ డిస్‌ప్లేను చండీగఢ్‌లోని కేంద్రీయ వైజ్ఞానిక ఉపకరణాల సంస్థ రూపొందించింది. ఆ విమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది.

గాజు కాక్‌పిట్

ముళ్ల గడియారాల్లాంటి మీటర్ల స్థానంలో రంగుల తెరలు ప్రయాణికుల విమానాల్లోకి 1980లలో వచ్చాయి. 1981 సెప్టెంబరు 26న ఎగిరిన బోయింగ్ 767, 1982 ఏప్రిల్ 3న ఎగిరిన ఎయిర్‌బస్ ఏ310 ఇందుకు బాట వేశాయి. 1987లో ఎగిరిన ఏ320కీ, 1988లో ఎగిరిన బోయింగ్ 747-400కీ ఆరేసి సీఆర్టీ తెరలు అమర్చారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు ఏ320లు 1989లో వచ్చాయి.

హెల్మెట్ తెర

అపాచీ హెలికాప్టర్ పైలట్ కంటి ముందుకు అంగుళం వ్యాసమున్న బుల్లి సీఆర్టీ వచ్చింది. తర్వాత ఎఫ్-15, ఎఫ్-16, ఎఫ్/ఏ-18 విమానాలకు వచ్చిన జేహెచ్‌ఎంసీఎస్ అనే హెల్మెట్‌లోనూ సీఆర్టీయే వాడారు. సరఫరా పెట్టె హెల్మెట్‌లో ఇమడదు కనుక వేల వోల్టులు పైలట్ ఒంటి పక్కనుంచే తలకు చేరాలి. ప్రమాదంలో సీటుతో సహా ఎగిరిపోయేటప్పుడు కనెక్టర్ తనంతట తానే ఊడిపోవాలి, నిప్పురవ్వ మాత్రం బయటికి రాకూడదు. ఈ రంగంలో అత్యంత నేర్పుగల రూపకల్పన ఇదే అనవచ్చు.

తర్వాతి కాలం

1994 జూన్ 12న ఎగిరిన బోయింగ్ 777లో ఎల్‌సీడీ తెరలు చేరాయి. వాటి వెనక దీపాలకు తొలుత వందల వోల్టులు, కొన్ని రకాలకు వెయ్యి పైచిలుకు అవసరమయ్యేవి. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ అవసరమూ పోయింది. 2006లో ఎగిరిన ఎఫ్-35 హెల్మెట్‌లో సీఆర్టీయే లేదు.

మరమ్మతు

కరెంటు ఆపినా ట్యూబు గాజు కెపాసిటర్‌లా చార్జిని పట్టి ఉంచుతుంది. అందుచేత విప్పే ముందు దాన్ని ఎర్త్‌కు కలిపి ఖాళీ చేస్తారు. వేలిముద్ర తడి కూడా కరెంటుకు దారి కాగలదు కాబట్టి, తిరిగి బిగించేముందు కనెక్టర్‌ను ఆల్కహాల్‌తో తుడుస్తారు. కొత్త విమానాల్లో ఈ కేబుళ్లు దాదాపు కనుమరుగయ్యాయి. సీఆర్టీ తెరలున్న పాత విమానాలు ఎగిరినన్నాళ్లూ వీటి అవసరం ఉంటుంది.