కాలువ నీరు – కుళాయి నీరు

కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయిందని చదివారు. కట్టించినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ నీటిని తాగేందుకు సిద్ధంచేసే ఆపరేటరు పేరు ఉండదు. ఈ లోపం చరిత్రకారులది, నాతో సహా.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. అందుకే వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీటి చెరువులు నింపుకుంటారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ చెరువుల్లోకీ ఉప్పునీరు తెచ్చింది.

చెరువు నీరు ఇసుక ఫిల్టరుకు వెళ్తుంది. అక్కడ శుద్ధిచేసేది ముఖ్యంగా ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే. నీరు దిగడం మందగిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు గీకితే చాలు. శిక్షణలేనివాడు ఇసుకంతా తోడి కడిగితే, ఆ పొర మళ్లీ ఏర్పడేదాకా క్రిములు కుళాయిదాకా వస్తాయి.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు మహిళలకు నీటిపరీక్ష నేర్పమంది. మీ ఊరి ఆపరేటరును అడగండి: ఇసుక గీకడం ఆయనకు ఎవరు నేర్పారు?