కచేరీ గోడపత్రిక: పేర్ల వెనుక చరిత్ర

సంస్థానాధీశుల కొలువులోనో, ఆలయ ప్రాంగణంలోనో గానం చేసిన విద్వాంసునికి ప్రకటనతో అవసరం కలుగలేదు. వినవచ్చేవారెవరో పిలిచేవారికి ముందే తెలుసు. పంతొమ్మిదవ శతాబ్దం చివర మదరాసులో సభలు ఏర్పడి, టిక్కెట్టు కొని వచ్చే అపరిచితుడు శ్రోత అయిన తరువాతే సంగీతానికి గోడమీద చోటు కావలసివచ్చింది. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభలతోపాటు జరిగిన అఖిల భారత సంగీత సమ్మేళనం, దాని ఫలంగా 1928లో వెలసిన మద్రాసు సంగీత అకాడమీ, డిసెంబరు నెలను కచేరీల ఋతువుగా స్థిరపరచాయి.

గోడపత్రికను కూర్చేవానికి మొదటి చిక్కు, దేనిని ప్రకటించాలన్నది. పాశ్చాత్యులు రచనను ప్రకటిస్తారు. జూరిచ్ నగరంలోని టోన్‌హాలె సంగీతశాల కోసం 1955లో జోసెఫ్ మ్యూలర్-బ్రోక్‌మన్ రూపొందించిన బీథోవెన్ గోడపత్రికలో సంగీతకర్త ముఖం లేదు, వాద్యం బొమ్మ లేదు. గణితబద్ధంగా పెరిగే వలయఖండాలు మాత్రమే ఉన్నాయి. ఏ రచన వినిపిస్తారో ముందే నిర్ణయమైనచోట అటువంటి ఊహకు ఆధారం దొరుకుతుంది. మన కచేరీలో ఏ రాగం విస్తరిస్తుందో, స్వరకల్పన ఎంతసేపు సాగుతుందో వేదికమీద తేలవలసిన విషయం. అందువల్ల మన పత్రికలో సాధారణంగా మిగిలేవి పేర్లే.

ఆ పేర్ల బారులో ఒక శాసనం ఉంది. గాయకునిది పెద్ద అక్షరం, వయొలిన్ విద్వాంసునిది దానికంటె చిన్నది, మృదంగం మూడవ వరుస. ఘటం, కంజీర ఉంటే అట్టడుగున. పెద్ద పరిమాణంలో సీసపు అక్షరాలు బరువు, ఖరీదు కూడా. కనుక శీర్షికలకు చెక్క అక్షరాలు వాడేవారు. పైగా తెలుగులో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ‘శ్రీపాద పినాకపాణి’ ఒక్క క్రావడితో ఒదిగిపోతుంది. ‘మంగళంపల్లి బాలమురళీకృష్ణ’ నిడివిలోనూ లోతులోనూ జాగా అడుగుతుంది. ఆ జాగా కింది వరుసలనుంచే రావాలి. అయినా పక్కవాద్యాన్ని చిన్నబుచ్చినది అచ్చుయంత్రం కాదు, ఆచారమే. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) వయొలిన్‌ను ఏకవాద్యంగా వినిపించి దానిని పై వరుసకు తెచ్చారు. మృదంగానికి గౌరవం ఆలస్యమైంది. పాల్ఘాట్ మణి అయ్యర్ 1966లో సంగీత కళానిధి అయినప్పుడు, ఆ బిరుదు ఒక మృదంగ విద్వాంసుని వరించడం అదే ప్రథమం.

పేర్ల నిర్మాణమూ గమనింపదగినది. తమిళ విద్వాంసుల పేరుకు ముందు ఊరు నిలుస్తుంది: అరియక్కుడి, శెమ్మంగుడి. మనవారికి ఇంటిపేరు నిలుస్తుంది: పారుపల్లి, ఓలేటి. (మన ఇంటిపేర్లలో ఎన్నో ఒకనాటి ఊళ్లపేర్లే, అది వేరే సంగతి.) సుబ్బులక్ష్మి పేరుముందరి ‘ఎం.ఎస్.’లో ఊరు మధురై. రెండవ అక్షరం వీణావిదుషి అయిన తల్లి షణ్ముఖవడివుది. వసంతకుమారి ‘ఎం.ఎల్.’లో మదరాసు, తల్లి లలితాంగి ఉన్నారు. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మదరాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసింది. ఆ కళాకుటుంబాల ప్రసక్తికే మర్యాదస్తులు జంకిన కాలంలో, తల్లినుంచి కూతురికి విద్య సంక్రమించిన సంగతిని ఈ పొడి అక్షరాలు గోడలమీద చెబుతూనే వచ్చాయి. చదివినవారిలో ఎందరికి తెలిసిందన్నది అనుమానమే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) పేరు కూడా అటువంటిదే. నాగస్వరం అన్న మాట పక్కన ఆ పేరుకు వేరే పరిచయం అక్కరలేకపోయింది.

ఇక భాష. త్యాగరాజ కీర్తనలలో అత్యధికం తెలుగువే అయినా, వాటిని పాడే మదరాసు కచేరీల ప్రకటనలు ఎక్కువగా తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వెలువడ్డాయి. 1943లో ఏర్పడిన తమిళ్ ఇసై సంఘం పాటల భాష గురించి ప్రశ్న లేవదీసింది; అది న్యాయమైన ప్రశ్నే. వేదికమీద వినిపించే తెలుగు గోడమీద కనిపించకపోవడాన్ని గురించి మనవారు అంత గట్టిగా అడిగిన జాడ లేదు. చెక్క అక్షరాలు పోయి, ఆఫ్‌సెట్ వచ్చి, ఆ తరువాత ఫ్లెక్సీ వచ్చింది. ఇప్పుడు గాయకుని వర్ణచిత్రం సగం స్థలం ఆక్రమిస్తే, దాతల వ్యాపార చిహ్నాలు తక్కిన అంచును పంచుకుంటున్నాయి. మృదంగం మాత్రం ఇంకా మూడవ వరుసలోనే ఉంది.