కుర్చీ మత్తు

1935 మే 11, శనివారం. అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, యాక్రన్ నగరం. టైర్ల ఫ్యాక్టరీల ఊరు. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఓ పొడుగాటి మనిషి అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పేరు బిల్ విల్సన్, వయసు ముప్పై తొమ్మిది. ఒకప్పుడు న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్ల మీద బాగా గడించి, తర్వాత తాగుడుతో చితికిపోయినవాడు. రబ్బరు యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకదాన్ని చేజిక్కించుకోవడానికి ఈ ఊరొచ్చాడు. వాటాదారుల ఓట్లలో ఓడిపోయాడు. కూడా వచ్చినవాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. జేబులో మిగిలింది పది డాలర్లో ఎంతో. హోటల్ బిల్లు ఇంకా కట్టలేదు.

లాబీకి ఒక చివర బార్. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నవ్వులు ఇటు వినిపిస్తున్నాయి. రెండో చివర టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల పట్టిక. బిల్ మందు ముట్టి ఐదు నెలలయింది. బార్లో కూర్చుని జింజర్ ఏల్ తాగితే తప్పేముంది, ఎవరైనా మాటలకి దొరుకుతారు కదా అనిపించింది. ఆ ఆలోచన ఎంత సబబుగా వచ్చిందో చూసుకుని హడలిపోయాడు. తాగుబోతు బుర్ర వకీలు లాంటిది. దాని దగ్గర ప్రతి గ్లాసుకీ ఒక వాదన సిద్ధంగా ఉంటుంది.

టెలిఫోను వైపు నడిచాడు. పట్టిక మీద వేలు పెట్టి ఒక పేరు దగ్గర ఆగాడు. ఫోనెత్తింది వాల్టర్ టంక్స్ అనే పాదిరీ. బిల్ తన సంగతి దాచకుండా చెప్పాడు. తాను తాగుబోతునని, మళ్లీ మొదలుపెట్టకుండా ఉండాలంటే ఈ ఊళ్లో ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు.

ఈ ఐదు నెలల్లో న్యూయార్క్‌లో ఆయన ఎందరో తాగుబోతుల వెంటపడ్డాడు. తనకు కలిగిన దైవదర్శనం గురించి గంటలకొద్దీ ఊదరగొట్టాడు. ఒక్కడూ మానలేదు. చివరికి తనకు వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ మందలించాడు: ప్రవచనాలు ఆపి, ముందు ఈ జబ్బు ఎలాంటిదో చెప్పమన్నాడు. వాళ్లలో ఎవరూ మానకపోయినా బిల్ మాత్రం నిలబడ్డాడు. అంటే ఆ మాటలు ఎదుటివాడి కంటే తనకే ఎక్కువ పనిచేశాయన్నమాట. ఇంతకాలం ఇతరులను ఉద్ధరించడానికి వెళ్లినవాడు ఇవాళ సాయం కోసం చెయ్యి చాస్తున్నాడు.

పాదిరీ కొన్ని పేర్లిచ్చాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ పోతే ఆఖరికి హెన్రియెట్టా సైబర్లింగ్ దొరికింది. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ స్థాపకుడి కోడలు. ఆమెకు తెలిసిన ఓ సర్జన్ ఉన్నాడు, బాబ్ స్మిత్. ఎన్ని ప్రయత్నాలు చేసినా తాగుడు మానలేకపోతున్నాడు.

మర్నాడు ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆమె ఇంట్లో ఇద్దరూ కలిశారు. డాక్టర్ బాబ్‌కి యాభై అయిదేళ్లు, చేతులు వణుకుతున్నాయి. పావుగంట కంటే ఉండనని భార్యకు ముందే చెప్పి మరీ వచ్చాడు. గదిలోంచి బయటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. అంతసేపూ బిల్ ఒక్క సలహా ఇవ్వలేదు, తన కథ చెప్పాడంతే. తాగుడు గురించి పుస్తకాల్లో చదివినవాళ్లు డాక్టర్‌కి చాలామందే తెలుసు. అందులో మునిగి తేలినవాడు ఎదురుగా కూర్చుని మాట్లాడటం మాత్రం ఇదే మొదలు. ఆ తర్వాత ఆయన ఒకసారి జారాడు. కానీ జూన్ 10 తర్వాత మళ్లీ ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అని పిలిచే సంఘం, తన పుట్టినరోజుగా జరుపుకునేది ఆ జూన్ 10నే.

ఈ కథ చాలామందికి తెలుసు. నాయకత్వం గురించి ఆలోచించేవాళ్లు తప్పకుండా చూడవలసిన గది మాత్రం ఇంకొకటుంది. అది బ్రూక్లిన్‌లో, 182 క్లింటన్ స్ట్రీట్‌లో, బిల్ మామగారింట్లో ఉంది.

యాక్రన్ ఫోన్‌కాల్‌కి ఇంకా రెండేళ్లు నిండలేదు. మంగళవారం రాత్రి, మీటింగ్ వేళ. ముందుగదిలో మనుషులు కిక్కిరిసి ఉన్నారు, మనమూ ఓ మూల సర్దుకుందాం. ఈ ఇంట్లో కొందరు తాగుబోతులు మకాం కూడా పెట్టారు, అద్దె లేదు. బిల్‌కి రాబడి లేదు. భార్య లోయిస్ పగలంతా బయట పనిచేసి, ఇంటికొచ్చి ఈ జనానికి వండిపెడుతోంది.

బిల్ మొహం వెలిగిపోతోంది. తనకు వైద్యం జరిగిన టౌన్స్ ఆస్పత్రి యజమాని చార్లీ టౌన్స్ ఆయనను పిలిపించాడు. లెక్కల పుస్తకాలు ముందు పెట్టి, ఒకప్పుడు ఈ ఆస్పత్రి ఎంత గడించిందో చూపించాడు. నువ్వు నీ పనిని ఇక్కడికి మార్చు, ఆఫీసిస్తాను, నెలనెలా డబ్బిస్తాను, లాభాల్లో వాటా ఇస్తాను అన్నాడు. ఇందులో మోసమేమీ లేదు. ఇంటికొస్తుంటే సబ్‌వేలో, కష్టపడ్డవాడికి కూలి దక్కాలనే బైబిల్ వాక్యం చెవిలో చెప్పినట్టు తోచింది. ఇది దేవుడి ఆనతేనని తేల్చుకున్నాడు.

ఆ ఉత్సాహంతోనే అందరికీ చెబుతున్నాడు. వింటున్నవాళ్ల మొహాల్లో మాత్రం చలనం లేదు. ఆయన గొంతు తగ్గింది, మాటలు తడబడుతున్నాయి. ముగించాక కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడొకడు మెల్లగా అందుకున్నాడు. నీ ఇబ్బంది మాకు తెలుసు, అది మమ్మల్నీ బాధిస్తోంది, కానీ ఈ ప్రతిపాదన మా అందరినీ ముంచుతుంది అన్నాడు. ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుకి ఊరికే చేసే సాయం జీతానికి చేసే పనైపోతే, అందులోని ప్రాణం పోతుందన్నది వాళ్ల మాట. ఇంకొందరు వంత పాడారు.

మాట్లాడినవాళ్లంతా బిల్ చెయ్యి పట్టుకుని గట్టెక్కినవాళ్లే. ఆయన స్థాపకుడు, వయసులో కొందరికంటే పెద్ద, మీటింగ్ ఆయన ఉంటున్న ఇంట్లోనే, ఆకలీ ఆయనదే. ఇది నేను పెట్టింది, నా ఇష్టం అనవచ్చు. మన దగ్గర ఎన్ని సంఘాలు, పార్టీలు, ట్రస్టులు సరిగ్గా ఈ మాట దగ్గరే చీలిపోయాయో లెక్కపెట్టడం కష్టం. బిల్ ఆ మాట అనలేదు. వాళ్లు చెప్పిందే రైటని ఒప్పుకుని, చార్లీకి కుదరదని చెప్పాడు.

ఎలా ఒప్పుకోగలిగాడు? ఆయన మెతక మనిషి కాడు. పేరుకోసం, పైస్థానం కోసం కొట్టుకులాడిన మనిషి. నాకు తోచేదేమిటంటే, తాగుడు ఆయనకు ఒక విషయం ఒళ్లు హూనమయ్యేలా నేర్పింది. నా బుర్ర నాకు చెప్పే కారణాలు ఎంత ముచ్చటగా ఉంటే అంత అనుమానించాలి, ఇంకొకరి చెవిన వేయకుండా నమ్మకూడదు. సబ్‌వేలో వినిపించిన దైవవాక్కు, మేఫ్లవర్‌లో నోరూరించిన జింజర్ ఏల్ ఒకే నోటి నుంచి వచ్చాయి. 1939లో సంఘం పుస్తకంలో అచ్చయిన పన్నెండు మెట్లలో సగం ఈ పని కోసమే ఉన్నాయి: ఇది నా వశం కాదని ఒప్పుకోవడం, నా తప్పుల చిట్టా రాసి మరో మనిషి ముందు చదవడం, నష్టపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం, ఆ చిట్టాని రోజూ తిరగేయడం. వీటిని ఒక మేనేజరో, హెడ్మాస్టరో, మండలాధ్యక్షుడో తన కుర్చీకి వర్తింపజేసుకుంటే నేను పెద్ద మార్పే ఆశిస్తాను. కుర్చీ దిగలేకపోవడం కూడా ఒక మత్తే, దాని లక్షణాలు సీసా లక్షణాల్లాగే ఉంటాయి.

ఆ గదిలో జరిగింది తర్వాత సంఘానికి నియమమైంది. నాయకులు నమ్మి పని అప్పగించిన సేవకులే, పాలకులు కారు. పదవులు వంతులవారీగా చేతులు మారతాయి. 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తానంటే బిల్ వద్దన్నాడు.

1955 జులైలో సెయింట్ లూయిస్‌లో ఇరవయ్యో వార్షికోత్సవం. డాక్టర్ బాబ్ పోయి అయిదేళ్లవుతోంది. ఆడిటోరియంలో వేలమంది. ఇకపై సంఘం పగ్గాలు ప్రాంతాల నుంచి ఎన్నికై వచ్చే ప్రతినిధుల సభకే అని వేదిక మీద తీర్మానం పెట్టారు, హాలంతా ఔనంది. బిల్ దిగిపోయాడు.

దిగిపోయినా ఆయనకు అభిప్రాయాలు పోలేదు. సంఘం వ్యవహారాలు చూసే ట్రస్టీల బోర్డులో అప్పట్లో తాగుబోతులు కానివాళ్లదే ఒక్క ఓటు మెజారిటీ. తాగి మానినవాళ్లు మళ్లీ జారితే బోర్డు కూలుతుందని తొలినాళ్ల భయం. ఆ భయానికి కాలం చెల్లింది, మెజారిటీ మనవాళ్లకే ఉండాలి అని బిల్ వాదన. ఏటా ఏప్రిల్లో న్యూయార్క్‌లో జరిగే ప్రతినిధుల సభకు అదే ప్రతిపాదన మోసుకెళ్లాడు, ఉత్తరాలు రాశాడు, కొన్నిసార్లు విసిగించాడు కూడా. వాళ్లు విన్నారు, వద్దన్నారు. స్థాపకుడినన్న మాట తేకుండా మళ్లీ అడిగాడు. దాదాపు పదేళ్లు పట్టింది. 1966లో ఇరవై ఒక్కమంది ట్రస్టీల్లో పద్నాలుగుమంది తాగి మానినవాళ్లు ఉండేలా సభ మార్చింది.