చేతులు మారిన చందమామ

1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ మాసపత్రిక తొలి సంచిక తెలుగులోను, తమిళంలోను వెలువడినది. దానిని స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు. ఆ పత్రిక చరిత్ర చెప్పేవారు దాని స్థాపకులను గురించి, చిత్రకారులను గురించి విశేషంగా చెప్పుతారు. అచ్చయి బజారులోకి వచ్చిన తరువాత ఒక్కొక్క ప్రతి ఎన్ని చేతులు మారినదో, అట్లా మారడం వలన ఏమి చెడినదో, ఏమి మిగిలినదో చెప్పినవారు తక్కువ. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఆ రెండవ చరిత్రను. ఇందులో కొంత రసాయనశాస్త్రం, కొంత గణితం కూడ కలవు. అవి లేకుండా ఈ కథ సాగదు.

నచ్చిన కథను మరొకరితో పంచుకోవడం అచ్చుయంత్రం కంటె పాత అలవాటు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు (1868–1928) వ్రాసిన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాల గ్రంథం. అందులో కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడు మజిలీకొక కథ చొప్పున తన వెంట వచ్చే గోపకుమారునికి చెప్పుతూ పోతాడు. కథ చెప్పితేనే ఆ పిల్లవాడు తోడు వస్తాడు. కథకు కథే కూలి అన్నమాట. నోటితో చెప్పే కథకు అరుగుదల లేదు. ఎందరికి చెప్పినా అది తరగదు. పుస్తకం అట్లాంటిది కాదు. అది ఒక వస్తువు. ఒకరి చేతిలో ఉన్నప్పుడు మరొకరి చేతిలో ఉండదు. పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగిరాదని సంస్కృతంలో ఒక సూక్తి కూడ ఉన్నదంటే, ఎరువు పుస్తకాల బాధ ఈనాటిది కాదని తెలుస్తున్నది.

నిజాం రాజ్యంలో ఉన్నతవిద్య ఉర్దూలో సాగిన రోజులలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టంగా ఉండేది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఆరంభమైనది. దాని వెనుక కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వచ్చినది. 1906లో హైదరాబాదులోనే స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించసాగినది. ఈ సంస్థల మహోపకారాన్ని ఎంత చెప్పినా తక్కువే. అయినా అక్కడి బీరువాలు పెద్దల కోసం ఏర్పడినవి. పిల్లవాడు రాక్షసుడి కథ కావాలని అడిగితే ఇవ్వడానికి వాటిలో అంతగా ఏమీ లేదు. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు గ్రంథాలయ శాసనాలు వచ్చినవి. ఈనాటికీ మన ఇంటిపన్ను చీటీలో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. ఉపాధ్యాయులు దానిని విద్యార్థులకు ఒకసారి చూపించవచ్చు. ఆ డబ్బు తాము కట్టుతున్నట్లు చాలమందికి తెలియనే తెలియదు.

పిల్లలకని ప్రత్యేకంగా పత్రిక నడపవలెనన్న సంకల్పానికి మొదటి గట్టి రూపం 1945లో మద్రాసులో వెలువడిన ‘బాల’. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు దానిని నడిపినారు. వీరే రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. తరువాత వీరు హైదరాబాదుకు వచ్చి ఇక్కడ ఆంధ్ర బాలానంద సంఘాన్ని నడిపినారు. బాపు బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ రచనలు తొలిసారి అచ్చయినది ‘బాల’లోనే. అప్పటికి వారిద్దరూ కూడ పిల్లలే.

ఇక చందమామ. 1952 నుంచి 1980లో మరణించేవరకు దానిని తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన విజయనగరంలో భౌతికశాస్త్రం చదివి, కాశీ విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రంలో ఎం.ఎస్సి.కి చేరినారు. ఆర్థికమాంద్యపు రోజులలో ఆ చదువు ఆగిపోయినది. విజ్ఞానశాస్త్ర విషయాలపై ఆయన వ్యాసాలు వ్రాసినారు. ప్రాచీన గ్రీకు కావ్యాలైన ఇలియడ్, ఒడిస్సీలు ఆయన చేతిలో ‘భువనసుందరి’, ‘రూపధరుడి యాత్రలు’ అయినవి. రూపధరుడు ఒడిస్సియస్ అని తెలియకుండానే ఒక తరం పిల్లలు హోమరు కథ అంతా చదివేసినారు.

1952లోనే పత్రికలో చేరిన మరొక యువకుడు దాసరి సుబ్రహ్మణ్యం. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతం వారు. 1954లో ఆయన ‘తోకచుక్క’ అనే ధారావాహికను ఆరంభించినారు. ఆ తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం – ఈ విధంగా పన్నెండు ధారావాహికలు వచ్చినవి. మాంత్రికులు, నరభక్షకులు, భూగర్భ దుర్గాలు, ఎగిరే వాహనాలు వీటిలో కోకొల్లలు. హేతువాద భావాలు గల మనిషి ఇన్ని మాయలను సృష్టించడం కొందరికి వింతగా తోచవచ్చు. నాకు అందులో వింత లేదు. మాయను నమ్మేవాడు దానికి భయపడతాడు. నమ్మనివాడు దానితో హాయిగా ఆడుకోగలడు.

ఈ ధారావాహికలకు రచయిత పేరు అచ్చయ్యేది కాదు. సంపాదకుడుగా కుటుంబరావుగారి పేరూ కనిపించేది కాదు. బొమ్మలకు మాత్రం సంతకాలుండేవి. చిత్రా, శంకర్, వ.పా. అనే పేర్లను అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కూడ గుర్తుపట్టేవాడు. అందుచేత పుస్తకాలు పంచుకునేటప్పుడు “ఫలానావారి నవల ఉన్నదా?” అని ఎవరూ అడగలేదు. “మొసలి బొమ్మ ఉన్న కథ ఉందా?” అనో, “రాకాసిలోయ ఎన్నో నెల వరకు ఉంది మీ దగ్గర?” అనో అడిగేవారు. రచయిత తెలియకుండా కథను ప్రేమించడం పాఠకులకు మంచిదే కావచ్చు గాని, రచయితకు అది న్యాయం కాదు.

నెలకొక సంచిక వచ్చేది. వీథిలో ఒక ఇంటివారు కొంటే, మరుసటి నెల సంచిక వచ్చేలోగా అది నాలుగైదు ఇళ్లు తిరిగేది. వంతులలో పోట్లాటలు తప్పేవి కావు. ధారావాహికలను ఇష్టపడేవారు మరొక పని చేసేవారు. నెల నెలా ఆ పుటలను విప్పి తీసి, కథ పూర్తి కాగానే దబ్బనంతో కుట్టి, అట్టవేసి, ఒక పుస్తకంగా చేసుకునేవారు. ఈ ఇంటి బైండులో ఐదవ నెల లేకపోతే పొరుగింటి బైండు చూసి కథ పూరించుకోవలసిందే.

ఇప్పుడు ఆ పాత బైండును ఎవరైనా తెరిస్తే పుటలు గోధుమరంగుకు తిరిగి, మడిచినచోట అప్పడంలా విరుగుతవి. దీనికి కారణం పాఠశాల రసాయనశాస్త్రంతోనే తెలుస్తుంది. కాగితానికి బలమిచ్చేది సెల్యులోజు. వేలకొలది గ్లూకోజు అణువులు గొలుసుగా కూడి సెల్యులోజు ఏర్పడుతుంది. 1844 ప్రాంతంలో జర్మనీలో ఫ్రీడ్రిక్ కెల్లర్ కొయ్యను రాతిమీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టినాడు. కాగితం చవుక అయినది. వార్తాపత్రికలు, పిల్లల పుస్తకాలు సామాన్యునికి అందినవి. కాని ఈ గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. గాలి, వెలుతురు తగిలి లిగ్నిన్ ఆక్సీకరణం చెంది కాగితం పచ్చబడుతుంది. ఆ చర్యలో ఆమ్లాలు కూడ పుట్టుతవి. సిరా అలుముకోకుండా కాగితానికి పట్టించిన పటిక కూడ ఆమ్లగుణం కలదే. గాలిలోని తేమ సమక్షంలో ఈ ఆమ్లం సెల్యులోజు గొలుసులను జలవిశ్లేషణ చేసి ముక్కలు చేస్తుంది. గొలుసు తెగిన కొద్దీ కాగితానికి మడత ఓర్చుకునే శక్తి నశిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సాధారణంగా ఇటువంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. హైదరాబాదు మే నెలలో రేకుల కప్పు కింద ట్రంకుపెట్టెలో ఉన్న పుస్తకం సంగతి ఊహించుకోవచ్చు.

దీనిని తరగతిలో చూపించడం సులభం. వార్తాపత్రిక ముక్క మీద ఒక నాణెం పెట్టి నాలుగైదు రోజులు ఎండలో ఉంచితే నాణెం కిందిభాగం తెల్లగాను, మిగిలినది పసుపుగాను ఉంటుంది. కళాశాల ప్రయోగశాలలో అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపిన ఫ్లోరోగ్లూసినాల్ చుక్క వేస్తే, లిగ్నిన్ ఉన్న కాగితం ఎర్రబారుతుంది. మరొక విడ్డూరం: పురుగు పట్టకుండా బైండింగు చేసేవారు మైదాపిండి లైలో మైలుతుత్తం కలిపేవారు. పురుగు పోయేదేమో గాని, మైలుతుత్తంలోని రాగి సెల్యులోజు ఆక్సీకరణాన్ని త్వరితం చేస్తుంది. పుస్తకాన్ని కాపాడిన మందే దానిని కొంత తిన్నది.

కాబట్టి ఎరువిచ్చిన ప్రతి చేతుల రాపిడికి చినిగిపోయినది. ఎవరికీ ఇవ్వక దాచిన ప్రతి పెట్టెలో తనంతట తాను మాడిపోయినది. అయినా చందమామ సంచికలు నేటికీ మిగిలినవంటే అది కేవలం ప్రతుల సంఖ్య వలన, అవి చెదరి వేరువేరు ఇళ్లలో ఉండటం వలన. ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. 1947 జూలై నుంచి 1980 చివరి వరకు సుమారు 400 సంచికలు. ఒక పాఠకుని దగ్గర వీటిలో నాలుగవ వంతు, అంటే 100, ఉన్నవనుకుందాం. ఏదైనా ఒక సంచిక అతని వద్ద లేకపోయే సంభావ్యత 3/4. పదిమంది తమ ప్రతులను కలిపితే, ఎవరివద్దా లేకపోయే సంభావ్యత 3/4ను పదిసార్లు గుణించగా వచ్చే 0.056, అంటే 400లో 22 సంచికలు మాత్రమే లోపిస్తవి. ఇరవైమంది చేరితే లోపించేది ఒకటి, మహా అయితే రెండు. ఒంటరిగా నూరు సంచికలతో సరిపెట్టుకున్నవారు కలిస్తే ఇంచుమించు మొత్తం భాండాగారం సిద్ధమవుతుంది. వాస్తవంలో అందరి దగ్గరా అవే ప్రసిద్ధ సంచికలు ఉండే అవకాశం ఉన్నది గనుక లెక్క ఇంత చక్కగా కుదరదు. పద్ధతి మాత్రం ఇదే.

2000 తరువాత పాఠకులు చేసినది సరిగా ఈ పని. స్కానర్లు, అంతర్జాలం అందుబాటులోకి రాగానే ఒకరి వద్ద లేని సంచికను మరొకరు ఛాయాప్రతి తీసి పంపసాగినారు. అదే కాలంలో, మన తెలుగువారైన రాజ్ రెడ్డిగారు ముఖ్యప్రేరకులుగా పది లక్షల పుస్తకాలను అంకరూపంలోకి మార్చే బృహత్ప్రయత్నం ఆరంభమైనది. హైదరాబాదు అందులో ఒక కేంద్రం. పిల్లల పత్రికలకు మాత్రం పాఠకులే దిక్కయినారు. చందమామ యాజమాన్యం 2007లో చేతులు మారినది. సంస్థ కొంతకాలం తన పాత సంచికలను అంతర్జాలంలో ఉంచినది. 2013 నాటికి పత్రిక అచ్చు ఆగిపోయినది, తరువాత ఆ అంతర్జాల భాండాగారమూ కనుమరుగైనది. హక్కుల విషయంలో పుస్తకం ఎరువివ్వడం వేరు, ప్రతి తీసి పంచడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. ఆ చిక్కును చిన్నదిగా చూడరాదు. అయినా హక్కుదారు వద్దనే కనిపించకుండా పోయిన వాటిని చదివినవారు దాచి ఉంచినారన్న మాట నిజం.

సోవియట్ పుస్తకాలకూ ఇదే గతి పట్టినది. మాస్కోలో తెలుగులోకి అనువదించి అచ్చువేసిన జానపద కథలు, బొమ్మల పుస్తకాలు కారుచవుకగా మన ఊళ్లకు వచ్చేవి. ఆ అనువాదకులలో ఒకరైన ఉప్పల లక్ష్మణరావుగారు వృక్షశాస్త్రంలో డాక్టరేటు పొందిన శాస్త్రజ్ఞులు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఆ ధార ఆగినది. ఆ పుస్తకాలు కూడ ఇప్పుడు చేతులు మారుతూ బ్రతుకుతున్నవి.

ఈ పంచుకోవడం వలన అనుకోని ఫలం ఒకటి కలిగినది. పాత సంచికలు ఒకచోట చేరి, పాఠకులు తమలో తాము ముచ్చటించుకోసాగినప్పుడు “ఇవన్నీ ఎవరు వ్రాసినారు?” అన్న ప్రశ్న పైకి వచ్చినది. చందమామ కార్యాలయంలో 2006 వరకు, అంటే 54 ఏండ్లు, పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు పత్రికా వర్గాలను దాటి అప్పుడు సామాన్య పాఠకులకు విస్తారంగా తెలిసినది. ఆయన 2010 జనవరిలో కన్నుమూసినారు. తరువాత హైదరాబాదులోని వాహిని బుక్ ట్రస్టు ఆయన ధారావాహికలను పుస్తకాలుగా తెచ్చినది. అట్టమీద రచయిత పేరు ఉన్నది.

నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు ఆవల అల్మాస్‌గూడలో. అల్మాస్ అంటే వజ్రం. నిన్నమొన్నటి వరకు పల్లెటూరు; ఇప్పుడు ఎక్కడెక్కడి జిల్లాల వారో ఇళ్లు కట్టుకున్న కాలనీల వరుస. వారితోపాటు వచ్చిన ట్రంకుపెట్టెలు అటకల మీద ఉన్నవి. ఇల్లు సర్దేటప్పుడు వాటిలోని పుస్తకాలు పాతకాగితాల బండికి తూకానికి పోతవి. అదృష్టం ఉంటే కోఠీ పాతపుస్తకాల అంగడికో, ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీదికో చేరుతవి. అట్లా తూకానికి పోబోతూ ఆగిన ఒక బైండు నా చేతికి వచ్చినది. శిథిలాలయం కథ; చివరి రెండు నెలలు లేవు. వెనుక అట్ట లోపల పెన్సిలుతో ఏడు పేర్లు, ఎదుట తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ వ్రాసి ఉన్నవి. ఏడవ పేరు ఎదుట రెండవ గడి ఖాళీగా ఉన్నది.