ఫోటో దిగడం

కెమెరా పట్టుకున్నవాడు ఫోటో తీస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్లు ఫోటో దిగుతారు. "రండి, అందరం కలిసి ఒక ఫోటో దిగుదాం" అన్నప్పుడు తీసేవాడి ఊసే ఉండదు. ఆ పనికి కర్తలు ఎదురుగా నిలబడ్డవాళ్లే. హిందీ, ఉర్దూల్లో తస్వీర్ 'ఉతార్నా' అనే మాట మన 'దించడా'నికి దగ్గరి చుట్టం. కానీ అక్కడ దించేది ఫోటోగ్రాఫరు, ఎదుటివాళ్లు దింపించుకుంటారు. మనకూ 'తీయించుకోవడం' లేకపోలేదు. పాస్‌పోర్టుకు ఫోటో తీయించుకుంటాం. ఇష్టమైన మనిషి పక్కన నిలబడితే మాత్రం దిగామంటాం.

బస్సు దిగడం, మెట్లు దిగడం అంటే కిందికి రావడం. చెరువులోకి దిగడం, బరిలోకి దిగడం అలా కాదు, వాటికి ముందు మనసులో ఒక నిర్ణయం జరగాలి. కాల్లో ముల్లు దిగడం మరో రకం, అది లోపలికి పోయి అక్కడే నిలిచిపోతుంది. ఫోటో దిగడంలో నాకు ఈ చివరి రెండు అర్థాలూ వినిపిస్తాయి: తెలిసి అడుగు వేయడం, వేసినచోట నిలిచిపోవడం. పిల్లవాణ్ణి చూసి "అచ్చం వాళ్ల నాన్నను దించేశాడు" అంటాం. ఒకరి రూపం ఇంకొకచోటికి దిగుతుందన్న ఊహ ఈ పలుకుబడిలో ఉంది. ఫోటో అనే కొత్త వస్తువుకు ఆ ఊహ చక్కగా అతికింది.

ఇంకో క్రియ కూడా ఉంది, 'పడటం'. పెళ్లికూతురిని తీస్తుంటే వెనకాల పంక్తిలో భోంచేస్తున్న మేనత్త కూడా ఫోటోలో పడుతుంది. ఆమె ఫోటో దిగలేదు. నోట్లో ముద్ద ఉండగా, కళ్లు సగం మూసుకుని, తనకు తెలియకుండా పడింది. ఆల్బమ్ చూసినప్పుడు ఆమె నొచ్చుకుంటే అందులో న్యాయముంది.

మనుషుల ఫోటో ఏది చూసినా ముందు నేను ఈ మాటలతోనే చూస్తాను. ఈ మనిషి దిగాడా, పడ్డాడా, ఎవరో తీసుకుపోయారా?

జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ సాండర్ 1914లో తీసిన ముగ్గురు యువ రైతుల చిత్రాన్నే తీసుకోండి. నల్లని సూట్లు, టోపీలు, చేతికర్రలతో డాన్సుకు పోతున్నారు. ఒళ్లు ఇంకా దారివైపే ఉంది, ముఖాలు మాత్రం మనవైపు తిరిగాయి. ఎడమ చివర ఉన్న కుర్రాడి టోపీ కాస్త వాలి ఉంటుంది, నోట్లో సిగరెట్టు. ఎలా కనిపించాలో వాళ్లకో లెక్క ఉంది. పొలం పనివాళ్లని కాదు, పండగ బట్టల్లో ఉన్న మగవాళ్లని మనం గుర్తించాలి. నిండు అర్థంలో ఫోటో దిగడమంటే ఇదీ. ఆ ఏడే యుద్ధం మొదలైందని మనకు తెలుసు, వాళ్ల ముఖాలకు తెలియదు.

1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కోతకూలీల బసలో డొరొతియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' దీనికి ఎదురు కొస. తల్లి కుడిచేయి చెంప దగ్గరికి వచ్చి ఆగింది. చూపు కెమెరాను దాటి ఎటో పోయింది. భుజాలకు ఆనుకున్న ఇద్దరు పిల్లలూ ముఖాలు అటు తిప్పేసుకున్నారు. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె అప్పుడు బాధపడింది. కూలీల కష్టాన్ని దేశం కళ్లముందు పెట్టిన చిత్రమది, దాని విలువను నేను తగ్గించను. కానీ ఆమె దాన్ని దిగిందని రాయడానికి నాకు చేయి రాదు.

దిగడానికి తగిన చోటూ కావాలి. నిజాం కొలువులో ఫోటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరదా పాటించే స్త్రీలు మగవాడి కంట పడకుండా ఫోటో దిగే వీలు అలా కలిగింది.

2004లో ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైటు వచ్చాక ఫోటోలవాళ్లు ఒకచోట చేరారు. అక్కడ ఫోటో మీద చిన్న గడి గీసి, ఆ చోటు గురించే మాట రాసే వీలుండేది. ఏ లెన్సు, ఎంత అపర్చరు, వెలుతురు ఎటునుంచి, వెనకభాగం ఎంత మెత్తగా కరిగింది అని ఓపిగ్గా మాట్లాడుకునేవారు. ఎందరో అక్కడ పని నేర్చుకున్నారు. అయినా ఆ చర్చంతా తీయడం గురించే. ముడతలు పడ్డ ముసలి ముఖం కనిపిస్తే "టోన్లు అద్భుతం" అనేవారు, ఆయన ఎవరని అడిగేవారు తక్కువ. 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది, ఫోన్లకు ముందువైపు కెమెరా మామూలైంది, తక్కెడ రెండోవైపుకు మొగ్గింది. ఇప్పుడు అంతా దిగడమే. తీసేవాడూ దిగేవాడూ ఒక్కడే అయినా మన వార్తల్లో అభిమానులు హీరోతో సెల్ఫీ 'దిగుతారు'. తీయడం గురించి మాట్లాడేవాళ్లు కరువయ్యారు, లైకు కొట్టి ముందుకు పోతారు. నాకు పాత వాదోపవాదాల మీద బెంగ ఉంది. అయితే అప్పుడు ఎదుటి మనిషిని వదిలేశాం, ఇప్పుడు చూపును వదిలేశాం. ముఖాన్ని చదవాలంటే రెండూ కావాలి.

ఈ మధ్యలో నాలుగో క్రియ వచ్చి చేరింది, 'పెట్టడం'. స్టేటస్ పెట్టాడు, డీపీ పెట్టింది, గ్రూపులో పెట్టారు. ఫోటోలో ఎవరున్నారన్న దానితో ఈ క్రియకు పని లేదు, ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కర్త. అందుకే ఇప్పుడు పెళ్లిళ్లలో ఆడపిల్లలు పక్కన నిలబడుతూనే ఒక మాట అంటున్నారు: "దిగుదాం అక్కా, కానీ ఎక్కడా పెట్టొద్దు." ఫోటో దిగడానికి ఒప్పుకున్నంతమాత్రాన పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదని వాళ్లు తేల్చి చెబుతున్నారు. నిఘంటువుల్లో 'దిగు' కింద ఈ వాక్యాన్ని ఉదాహరణగా చేర్చాలని నా కోరిక.