తుపాకుల సంతకు పిల్లలతో

అమెరికాలో శని, ఆదివారాలు వచ్చాయంటే ఏదో ఒక ఊరి జాతర మైదానంలోనో, అద్దెకు తీసుకున్న సమావేశ మందిరంలోనో తుపాకుల సంత జరుగుతూ ఉంటుంది. గన్ షో అని దాని పేరు. ప్రవేశానికి టికెట్టు కొనాలి. చాలాచోట్ల చిన్నపిల్లలకు ఉచితం. సొంత తుపాకీ వెంట తెచ్చుకున్నవారు తూటాలు తీసి చూపించాలి. అది పేలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతారు. లోపల వరుసగా బల్లలు. ఒకదానిపై రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిళ్లు, పక్కదానిపై కొత్త పిస్తోళ్లు, ఆ పక్కన తూటాల పెట్టెలు, కత్తులు, పాత పతకాలు, ఎండుమాంసం పొట్లాలు. తుపాకీ ఒరలు అమ్మే బల్ల దగ్గర తండ్రి ఒక్కొక్క హోల్‌స్టర్‌నూ నడుముకు పెట్టి చూసుకుంటూ ఉంటే, కొడుకు పక్కనే నిలబడి చూస్తూ ఉంటాడు.

ఇదంతా తాతల నాటి ఆచారమని, పల్లె జీవితంలో భాగమని దాన్ని సమర్థించేవారు అంటారు. అందులో కొంత నిజం ఉంది. వేట, గురి సాధన, పాత ఆయుధాల సేకరణ అక్కడి గ్రామీణ కుటుంబాల్లో తరాలుగా ఉన్నవే. అయితే నేడు కనిపించే సంతను ఆచారం ఒక్కటే తయారు చేయలేదు. దానికి ఈ రూపమిచ్చినవి చట్టాలు, ఆ చట్టాల్లో వదిలిపెట్టిన సందులు.

కెనడీ సోదరులు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల తరువాత 1968 అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తుపాకుల నియంత్రణ చట్టంపై సంతకం చేశారు. జాన్ కెనడీని చంపిన రైఫిలు తపాలాలో తెప్పించుకున్నది. కొత్త చట్టం ఆ దారిని మూసింది. లైసెన్సు ఉన్న వ్యాపారి తన దుకాణంలోనే అమ్మాలని నియమం పెట్టింది. ఆ నియమం ఉన్నంతకాలం సంతలో వ్యాపారికి చోటు తక్కువ.

1977లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ సిన్సినాటి మహాసభలో తిరుగుబాటు జరిగింది. క్రీడకు, వేటకు ప్రాధాన్యమిచ్చిన పాత నాయకత్వాన్ని దించి, తుపాకీ హక్కే రాజకీయంగా భావించే వర్గం పగ్గాలు చేపట్టింది. తొమ్మిదేళ్లకు దాని ఫలితం చట్టసభలో కనిపించింది. 1986లో రొనాల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టం, లైసెన్సుదారులు తమ రాష్ట్రంలోని గన్ షోలలో అమ్మవచ్చని స్పష్టం చేసింది. అంతకన్నా ముఖ్యంగా, జీవనోపాధి, లాభం ప్రధాన లక్ష్యంగా అమ్మేవాడే వ్యాపారి అని నిర్వచించింది. అప్పుడప్పుడు అమ్మేవాడికీ, సొంత సేకరణను అమ్ముకునేవాడికీ లైసెన్సు అక్కరలేదు. పొరుగువాడికి పాత రైఫిలు అమ్ముకునే రైతును దృష్టిలో పెట్టుకుని రాసినట్టున్న ఆ వెసులుబాటు, సంతలో బల్ల పరిచినవాడికి రక్షణగా మారింది.

1993లో బిల్ క్లింటన్ సంతకం చేసిన బ్రాడీ చట్టం కొనేవారి నేరచరిత్రను పరిశీలించాలని ఆదేశించింది. అయితే ఆ బాధ్యత లైసెన్సు ఉన్న వ్యాపారిదే. దాంతో ఒకే కప్పు కింద రెండు న్యాయాలు ఏర్పడ్డాయి. ఈ బల్ల దగ్గర పరిశీలన తప్పదు. ఆ బల్ల దగ్గర డబ్బిస్తే చాలు. దేశంలో ఏటా 4,000కు పైగా ఇటువంటి సంతలు జరుగుతున్నాయని, అమ్మకందారుల్లో పావువంతు నుంచి సగం మందికి లైసెన్సు లేదని ఫెడరల్ ప్రభుత్వ నివేదిక 1999 జనవరిలో అంచనా వేసింది.

మూడు నెలలకే, ఏప్రిల్ 20న, కొలరాడోలోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు తోటి విద్యార్థులు 12 మందినీ, ఒక ఉపాధ్యాయుడినీ కాల్చి చంపారు. వారు వాడిన నాలుగు ఆయుధాల్లో మూడింటిని అంతకు కొన్ని నెలల ముందు డెన్వర్ సమీపంలోని గన్ షోలో కొన్నారు. ఇద్దరికీ అప్పటికి 17 ఏళ్లే. అందుకే 18 ఏళ్లు నిండిన స్నేహితురాలిని వెంట తీసుకెళ్లారు. లైసెన్సు లేని అమ్మకందారుల దగ్గర ఆమె కొన్నది. పరిశీలన ఉండి ఉంటే కొనేదాన్ని కాదని ఆమె తరువాత కొలరాడో శాసనసభ్యుల ఎదుట చెప్పింది.

ఆ మేలో సెనేట్‌లో ఓట్లు చెరిసగమైతే, ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో గన్ షో పరిశీలన సవరణ 51–50 తేడాతో గట్టెక్కింది. ప్రతినిధుల సభ దాన్ని ముందుకు సాగనివ్వలేదు. 2000 నవంబరులో కొలరాడో ఓటర్లే ప్రత్యక్ష ఓటింగులో ఆ సందును తమ రాష్ట్రం వరకు మూసేశారు. శాండీ హుక్ పాఠశాలలో 20 మంది చిన్నారులు హతమైన తరువాత కూడా, 2013లో సెనేట్‌లో అనుకూలంగా వచ్చిన 54 ఓట్లు చాలలేదు, 60 కావాలి. 2022లో మాత్రం వ్యాపారి నిర్వచనాన్ని కొంత విస్తరించగలిగారు. 2024లో దాని అమలుకు తెచ్చిన నిబంధనలకు కోర్టుల్లో సవాళ్లు ఎదురయ్యాయి.

ఇక ఒరల బల్ల దగ్గరికి రావాలి. ఆచారమనే వాదన బలహీనపడేది అక్కడే. జింకల వేటకు పోయేవాడి రైఫిలుకు నడుము ఒరతో పనిలేదు. చొక్కా కింద దాచుకునేది, చీలమండకు కట్టుకునేది, చేతిసంచిలో ఇమిడేది – ఇవన్నీ అడవికి కాదు, మనుషుల మధ్యకు తుపాకీ తీసుకువెళ్లడానికి. ఫ్లోరిడా 1987లో అర్హులందరికీ రహస్యంగా ఆయుధం ధరించే అనుమతి ఇవ్వాలని చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ బాట పట్టాయి. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో అసలు అనుమతే అక్కరలేదు. ఇంటి వెలుపల తుపాకీ ధరించడం రాజ్యాంగ హక్కేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. తాత మనవడికి నేర్పింది వేట. నేటి తండ్రి ఒర ఎంచుకుంటూ, తెలియకుండానే నేర్పుతున్నది తోటి మనిషి పట్ల భయం.

పిల్లలకు చిన్ననాటి నుంచీ ఆయుధం పట్ల జాగ్రత్త నేర్పితే ప్రమాదాలు తగ్గుతాయన్నది తల్లిదండ్రుల నమ్మకం. అది కపటం కాదు. కానీ 2008 అక్టోబరులో మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్‌లో జరిగిన తుపాకుల ప్రదర్శనలో ఎనిమిదేళ్ల బాలుడికి ఉజీ సబ్‌మెషిన్ గన్ పేల్చే అవకాశమిచ్చారు. అది వెనక్కి తన్ని పైకి లేచింది. తండ్రి కళ్లెదుటే బిడ్డ తలలో తూటా దిగింది. తుపాకీ ఎదురుదెబ్బను ఆపగల బలం ఎనిమిదేళ్ల మణికట్టుకు ఏ శిక్షణ వల్లా రాదు. 2020 నుంచి అమెరికాలో పిల్లలు, కౌమారుల మరణాలకు తుపాకులే మొదటి కారణం. రోడ్డు ప్రమాదాలు కూడా వాటి తరువాతే.

ఈ చర్చ భారతదేశానికి పరాయిది కాదు. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేసి, యూరోపియన్లను మినహాయించింది. ఆ అవమానానికి జవాబుగానే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హామీని గుర్తుచేస్తూ సవరణ ప్రతిపాదించారు. అంబేద్కర్ అంగీకరించలేదు. సభ దాన్ని తిరస్కరించింది. 1959 చట్టం లైసెన్సును తప్పనిసరిగానే ఉంచింది. దానితో దేశం తుపాకీ నుంచి విముక్తమైందని చెప్పలేం. నాటు తుపాకులు ఆగలేదు. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్పులు జరపడాన్ని నేరంగా ప్రకటించడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. అయినా తుపాకీ సంతలో దొరికే సరుకు కాలేదు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథలో ఒక తెలుగు ఇంజనీరు జాతి విద్వేషపు తూటాకు బలైనప్పుడు, ఇక్కడి ఇళ్లలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: అక్కడ మన పిల్లలు క్షేమమేనా? నేడు లక్షలాది తెలుగు కుటుంబాలు ఆ దేశంలో బిడ్డలను పెంచుతున్నాయి. భయంతో తామూ ఒక తుపాకీ కొనుక్కోవాలా, లేక అమ్మకానికి ముందు పరిశీలన ఉండాలని కోరేవారితో గొంతు కలపాలా అన్నది వారు తేల్చుకోవలసిన విషయం. ఓటు హక్కు వచ్చినవారికి ఇది ఇంటి సంగతి మాత్రమే కాదు, రాజకీయ నిర్ణయం కూడా. వారు ఏ బల్ల ముందు నిలబడతారో పక్కనున్న పిల్లలు చూస్తూనే ఉంటారు.